దోస్తుకు పిట్టల కబురు

హన్మకొండ
ఆదివారం మధ్యాహ్నం

దోస్తూ,

మొన్న ఫోన్లో "పిట్టల్ని చూసుడుకు గూడ క్లబ్బేంది రా, అందరు గల్సి ఏం జేస్తరు?" అన్నావు. నువ్వు బస్సులో ఉన్నావు, నేను డ్యూటీలో ఉన్నాను. రెండు ముక్కల్లో తేలే సంగతి కాదు. అందుకే ఇవాళ తీరిగ్గా కూర్చుని రాస్తున్నా. నువ్వూ తీరిగ్గానే చదువు.

ఆదివారం పొద్దున ఆరింటికల్లా వడ్డేపల్లి చెరువు కట్ట మీద కలుస్తాం. ఎండాకాలమైతే ఇంకా ముందే. రిటైరైన లెక్కల సారు ఒకాయన, నైట్ డ్యూటీ దిగి ఇంటికి పోకుండా నేరుగా ఇటే వచ్చే నర్సమ్మ, హంటర్ రోడ్డులో బైకులు బాగుచేసే అన్న, కాలేజీ పోరగాళ్లు, అమ్మానాన్నల్ని నిద్రలేపి మరీ లాక్కొచ్చే బడి పిల్లలు, ఇదీ మా గుంపు. బైనాక్యులర్స్ అందరికీ లేవు. ఉన్నవి చేతులు మారుతుంటాయి. ముందు పిల్లలకు, తర్వాత కొత్తగా వచ్చినవాళ్లకు, ఆఖరికి మాకు. ఈ పద్ధతి సారు పెట్టిందే, అందరికీ అలవాటైపోయింది.

ఇంకొన్ని కట్టుబాట్లు కూడా ఉన్నాయి. ఫోన్లో కూత వినిపించి పిట్టను దగ్గరికి రప్పించొద్దు. గూడు ఎక్కడుందో గ్రూపులో పెట్టొద్దు. గుడ్ల మీద ఉన్న పిట్ట జోలికి అసలే పోవద్దు. వీటి మీద మొదట్లో కెమెరాల వాళ్లకూ చూసిన పిట్టల లెక్క రాసేవాళ్లకూ మధ్య బాగానే మాటలు నడిచాయి. నేను మాత్రం లెక్క రాసేవాళ్ల పక్షమే. ఫోటోకు అడ్డం వస్తున్నాయని గూటి ముందు కొమ్మలు విరిచేవాడు ఎంత మంచి ఫోటో తీసినా, నా దృష్టిలో వాడు పిట్టల మనిషి కాడు.

నడక అయ్యాక చాయ్ బండి దగ్గర లిస్టు చదువుతాం. ఒకరు చదువుతుంటే ఒకరు పిట్టల లెక్కల కోసమే ఉన్న ఈబర్డ్ యాప్‌లో ఎక్కిస్తారు. అనుమానం ఉన్న పిట్టను రాయం, దాని మీద ఎంత వాదన జరిగినా సరే. కాకి, గోరింక, పావురం అన్నీ రాస్తాం. కొత్తవాళ్లు "కాకినెందుకు రాసుడు?" అని అడుగుతారు. మన చిన్నప్పుడు మీ ఇంటి దూలాల మీద పిచ్చుకలు ఎన్ని ఉండేవి? ఎవరూ లెక్క రాయలేదు. ఇప్పుడు తగ్గినయ్ తగ్గినయ్ అంటున్నాం గానీ, ఎంత తగ్గాయంటే ఒక్కరం చెప్పలేం. అందుకే కాకిని కూడా రాయాలి.

మేం రాసేవి ఊరికే పోవడం లేదు. 2023లో మన దేశపు పక్షుల పరిస్థితి మీద ఒక పెద్ద నివేదిక వచ్చింది. దేశమంతటా 30 వేల మంది దాకా మాలాంటి మామూలు మనుషులు రాసిన లెక్కలే దానికి ఆధారం. అందులో 14 జాతులు 30 శాతం, అంతకన్నా ఎక్కువే తగ్గిపోయాయని తేలింది. వాటిలో మన పాలపిట్ట ఉంది! సారు ఆ పేరా చదివి వినిపించిన రోజు చాయ్ బండి దగ్గర ఎవరికీ మాట రాలేదు. పాలపిట్ట సంగతి తర్వాత చెప్తా, దానికి చాలా ఉంది.

ముందు నత్తగుల్ల కొంగ గురించి చెప్పాలి. ఎన్నోసార్లు చూసే ఉంటావు, పట్టించుకుని ఉండవు. ముక్కు మూసినా మధ్యలో సందు కనిపిస్తుంది. కొంగ పిల్లలకు ఆ సందు ఉండదు, పెద్దయ్యాకే వస్తుంది. అది దేనికో నాకు మెకానిక్ అన్న చూపించాడు. ఒక కొంగ ఒడ్డు దగ్గర తల నీళ్లలో ముంచి, బురదలో ముక్కుతో తడుముతోంది. నత్త దొరికింది. పైకి తీయకుండానే కింది ముక్కు కొనను గుల్ల మూతిలో దూర్చి అటూ ఇటూ కదిలించింది. కాసేపటికి మెత్తటి కండ మాత్రం బయటికొచ్చింది. మింగేసి మళ్లీ తల ముంచింది. ఒడ్డున ఖాళీ గుల్లలు పడి ఉంటే పిల్లలు ఏరి చూశారు. ఒక్కటీ పగల్లేదు. గుల్ల పగలగొట్టకుండా లోపలి కండ తీసే ఆ పనితనాన్ని అన్న అంతసేపూ రెప్ప వేయకుండా చూశాడు. రోజంతా స్క్రూలు విప్పే మనిషి కదా, ఆయనకు దాని విలువ మాకంటే బాగా తెలుసు.

చెరువులో చేపలు పట్టే మామ ఒకాయన ఉన్నాడు. థర్మకోల్ తెప్ప మీద పొద్దున్నే వల తీస్తాడు. మొదట్లో మమ్మల్ని చూసి చేపల దొంగలనుకున్నాడు. ఇప్పుడు మాకు సగం కబుర్లు ఆయన దగ్గర్నుంచే వస్తాయి. నీటికాకులు ఎటు దిగుతున్నాయో, గుర్రపు డెక్కలో ఏ నీటికోడి గూడు పెట్టిందో ఆయనకు తెలుసు. వలలో చిక్కిన బొల్లికోడిని కోసి వదిలిపెట్టిన మనిషి ఆయన. కోసింది కోడిని కాదు, వలను. ఆ రోజు ఆయనకు ఎంత నష్టమైందో నువ్వే ఆలోచించు.

2024 చివర్లో పూడిక తీయడానికి భద్రకాళి చెరువు నీళ్లు వదిలారు కదా. ఆ రోజుల్లో కట్ట మీద నిలబడితే కళ్లు తిరిగేవి. నీళ్లు తగ్గేకొద్దీ మిగిలిన మడుగుల్లో చేపల కోసం కొంగలు, కంకణం పిట్టలు, గద్దలు దిగాయి. బురద మీద తోక ఊపుకుంటూ తిరిగే చిన్న వలస పిట్టలైతే లెక్కకు అందలేదు. కొత్తవాళ్లు సంబరపడ్డారు. నర్సమ్మ మాత్రం "ఈ మడుగులు గూడ ఎండినంక ఇవన్ని ఏడికి పోతయ్?" అంది. చుట్టుపక్కల వేరే చెరువులు బాగుంటేనే పోవడానికి చోటుంటుంది. అప్పటి నుంచే మేం వడ్డేపల్లితో పాటు ధర్మసాగర్ కూడా లెక్కపెట్టడం మొదలుపెట్టాం.

జనవరిలో నీటి పక్షుల లెక్క ఉంటుంది. ఆసియాలో చాలా దేశాల్లో చేస్తారు, 1987 నుంచి నడుస్తోంది. మేం ఫారెస్టు వాళ్ల పర్మిషన్ తీసుకుని పాఖాల పోతాం. గణపతిదేవుడి కాలంలో కట్టిన చెరువు, చుట్టూ అడవి, చలికి దూరదేశాల నుంచి వచ్చిన సూదితోక బాతులు, బాపన బాతులు. గుంపును లెక్కపెట్టే పద్ధతి సారు నేర్పించాడు. ముందు పది లెక్కపెట్టి, ఆ పది ఎంత జాగా పట్టాయో కంటితో కొలిచి, గుంపంతా అలా పదులు పదులుగా జరుపుకుంటూ పోవాలి. ఇద్దరు విడివిడిగా చేస్తారు, తర్వాత సరిచూసుకుంటారు. మధ్యాహ్నం కట్ట దిగువన అందరం డబ్బాలు విప్పుతాం. నర్సమ్మ తెచ్చే సకినాల కోసం వచ్చేవాళ్లు కూడా ఉన్నారని నా నమ్మకం.

ఫిబ్రవరిలో నాలుగు రోజుల లెక్క ఇంకోటి ఉంటుంది. అప్పుడు కాకతీయ యూనివర్సిటీ క్యాంపస్‌లో తిరుగుతాం. పావుగంట చూసి రాసినా చాలు, కొత్తవాళ్లకు అదే మంచి మొదలు.

సంక్రాంతి తర్వాత మాత్రం మా పని వేరు. దోటీలు పట్టుకుని చెట్ల మీద చిక్కుకున్న మాంజా దారాలు లాగుతాం. నైలాన్ మాంజా మీద నిషేధం ఉంది, అయినా దొరుకుతూనే ఉంది. రెక్క తెగిన కొంగను ఒకసారి చేతుల్లో పట్టుకున్నాను. దాని గురించి ఎక్కువ రాయలేను.

ఇప్పుడు పాలపిట్ట. దసరా నాడు దాన్ని చూడాలని మనూరంతా పొలాల వెంట పోయేవాళ్లం గుర్తుందా? ఇప్పుడు టౌన్లో ఆ ఓపిక ఎవరికీ లేదు. గుడి దగ్గరికి పంజరంలో తెచ్చి చూపించి పైసలు తీసుకునేవాళ్లు తయారయ్యారు. కాళ్లకు దారం కడతారు, ఎగరకుండా రెక్కలు అంటిస్తారు. 1972 వన్యప్రాణుల రక్షణ చట్టం ప్రకారం అది నేరం. పైగా పాలపిట్ట గింజలు తినదు, మిడతలూ పురుగులూ తింటుంది. పంజరంలో గింజలు పోస్తే ఆకలితో చచ్చిపోతుంది. శుభం కోసం చూడబోయి దాని ప్రాణం తీస్తున్నాం కదరా!

అందుకే దసరా పొద్దున మేం కాలనీల వాళ్లను ధర్మసాగర్ వైపు పొలాలకు తీసుకుపోతున్నాం. కరెంటు తీగల మీద, బోరు మోటారు డబ్బాల మీద అది కూర్చుంటుంది. ముసలమ్మలు కొత్త చీరలతో వస్తారు. అది తీగ మీద నుంచి దిగి రెక్క విప్పగానే చేతులెత్తి దండం పెడతారు. పంజరం ముందు ఆ దండం పెట్టేవాళ్లు ఇంత సంతోషంగా కనిపించరు, నేను గమనించాను.

కానీ దసరా ఒక్కరోజే. మిగతా ఏడాదంతా అది ఎక్కడ ఉండాలి? పాలపిట్ట తనంతట తాను తొర్ర తొలుచుకోలేదు. తల పోయిన తాటి మోడులో ఉన్న తొర్రలో గుడ్లు పెడుతుంది. ఆ మోడు మనకు పనికిరానిది, చదును చేసేటప్పుడు ముందు దాన్నే పడగొడతాం. ఈ ఎండాకాలం నుంచి రైతుల దగ్గరికి పోయి ఒక్క మాటే అడుగుతున్నాం, మోడును ఉండనివ్వమని. కొందరు ఒప్పుకున్నారు. ఒకాయన "పురుగులు తింటదంటే ఉండనీయ్, నా మోడుకు ఏం గిరాకీ ఉంది" అన్నాడు. ఒకాయన వినలేదు, వారం తర్వాత అక్కడ ప్లాట్ల రాళ్లు పాతారు. క్లబ్బు చేస్తున్న పనుల్లో నాకు అన్నిటికన్నా ముఖ్యం ఇదే. ఎక్కడెక్కడో అరుదైన పిట్ట కోసం పెట్రోలు తగలేసే కన్నా, మన పక్క పొలంలో ఒక మోడు నిలబెట్టడం మేలు.

మీ ఊరి భూమి గట్టు మీద రెండు తాటి మోడులు ఉన్నాయి కదా, బావి దగ్గర. పోయిన నెల అటు వెళ్తూ చూశాను, ఒకదాని దగ్గర పాలపిట్టలు జంటగా తిరుగుతున్నాయి. మీ చిన్నాయన ఆ గట్టు చదును చేయిస్తానంటున్నాడు. నేను చెప్తే వినడు, నువ్వు చెప్తే వింటాడు. ఈ వారంలోనే ఫోన్ చెయ్. సంక్రాంతికి వచ్చినప్పుడు రెండు రోజులు ఎక్కువ ఉండేలా టికెట్ చేయించుకో, పాఖాలకు నిన్ను తీసుకుపోవడానికి పేరు ఇచ్చేశాను. చలి ఎక్కువ ఉంటుంది, స్వెటర్ మర్చిపోకు.

నీ
హన్మకొండ దోస్తు