చెరువులో పడవ: మన సంఘం వార్షిక నివేదిక, 2025–26, అనంతపురం

సభ్యులందరికీ నమస్కారం.

పోయిన సర్వసభ్య సమావేశంలో ఒక తీర్మానం చేసుకున్నాం. డేటా అమ్ముకోవచ్చంట, దానికి బ్లాక్‌చైన్ (చాలా కంప్యూటర్లలో ఒకేలా ఉండే, చెరపలేని ఖాతా) మీద సంత ఉందంట అని తలా ఒక మాట అంటున్నామే కానీ, ఆ సంతలో ఏ సామాను ఏం పని చేస్తుందో మనలో ఒక్కరికీ సరిగా తెలియదు. అందుకని ఏడాదంతా ఒకే నెట్‌వర్క్‌ను పట్టుకుని, దాని భాగాలు విప్పి చూసి, వాటికి మనకు అర్థమయ్యే మాటలు రాసిపెట్టుకుందాం అనుకున్నాం. ఓషన్ ప్రోటోకాల్‌ను ఎంచుకున్నాం. 2017లో మొదలైన ప్రాజెక్టు అది. కోడ్ అందరికీ తెరిచే ఉంటుంది, చదువుకోవడానికి ఎవరినీ అడగక్కర్లేదు. మేం చదివింది 2024లో వచ్చిన ఓషన్ నోడ్స్ కంటే ముందరి విడివిడి భాగాలను. పని ఎంతవరకు వచ్చిందో, ఎక్కడ బోల్తా పడ్డామో ఈ నివేదికలో చెబుతున్నాను.

ముందు పేర్ల సంగతి. ఇందులో అన్నీ నీళ్ల పేర్లే. డేటా వివరాలు వెతికిపెట్టే సర్వర్ పేరు అక్వేరియస్. అన్ని భాగాలనూ మన కంప్యూటర్‌లోనే ఒక్కసారిగా లేపే మూట పేరు బార్జ్, అంటే సరుకు పడవ. పాత కోడ్ తిరగేస్తే స్క్విడ్, బ్రైజో కూడా తగులుతాయి. సముద్రం చూడాలంటే రాత్రంతా బస్సులో కూర్చోవాల్సిన మనకు ఇవేం పేర్లని మొదట్లో నవ్వుకున్నాం. "చెరువుకే బుక్కరాయసముద్రం అని పేరు పెట్టుకున్నోళ్లం, మనకేం కొత్త?" అన్నారు మన రిటైర్డు లెక్కల మాస్టారు. అక్వేరియస్ అంటే కుంభరాశి కదా, ఈ వారం ఎట్లుందో చెప్పమని ఇంకొకరు. ఆ పూట ఉగ్గాని, బజ్జీ అయిపోయేదాకా పని ముందుకు సాగలేదు.

మాటల పట్టిక

అందరికంటే ఎక్కువ సతాయించినవి రెండు మాటలు: డేటా ఎన్ఎఫ్‌టీ, డేటాటోకెన్. టోకెన్ అంటే చైన్ మీద ఒక హక్కును చూపే డిజిటల్ బిళ్ల. రెండూ టోకెన్లే కదా, రెండెందుకు అనే ప్రశ్న మూడు సమావేశాలు నడిచింది. మొదటిది ఈఆర్‌సీ-721 రకం (ఈఆర్‌సీ అంటే ఈథీరియం అనే చైన్‌లో టోకెన్లకు పెట్టుకున్న నియమాలు). ఒక డేటా సెట్‌కు ఒక్కటే ఉంటుంది, ఆ డేటా మీద మూల హక్కు ఎవరిదో చెబుతుంది. రెండోది ఈఆర్‌సీ-20 రకం. ఎన్నైనా ముద్రించుకోవచ్చు, ఒకటి ఇంకొకదానితో సమానం. ఒక టోకెన్ ఇస్తే డేటా తీసుకునే అనుమతి వస్తుంది. ఆ అనుమతి ఎంతకాలం చెల్లాలో డేటా పెట్టినవాళ్లే నిర్ణయిస్తారు.

చివరికి చీనీ తోట దగ్గర తెగింది. తోట పట్టా రైతు పేరనే ఉంటుంది, కాపును మాత్రం గుత్తకిస్తాడు. పట్టా డేటా ఎన్ఎఫ్‌టీ, గుత్త డేటాటోకెన్. తోట ఉన్న సభ్యుడొకరు వెంటనే ఇందులో మెలిక పట్టుకున్నాడు. ఒకే కాపును పదిమందికి గుత్తకిస్తే ఊళ్లో పంచాయితీ అవుతుంది, డేటా విషయంలో మాత్రం వ్యాపారమే అది. చీనీకాయ మండీకి పోతే తోటలో ఉండదు. డేటా ఎంతమందికి పోయినా మన దగ్గర ఉన్నది ఉన్నట్టే ఉంటుంది. కాబట్టి ఇక్కడ అమ్మేది డేటాను కాదు, లోపలికి వచ్చే అనుమతిని. పోయిన ఏడాది నోటీసులో "డేటా అమ్మకం" అని రాసింది నేనే. ఇప్పుడు పట్టికలో "ప్రవేశ అనుమతి" అని దిద్దాం.

ప్రొవైడర్ అనే భాగానికి కొందరు "దళారి" అన్నారు. నేను ఒప్పుకోలేదు. దళారి ధర చెబుతాడు, కమీషన్ కోసం బేరమాడతాడు. ప్రొవైడర్ ఆ బేరాల జోలికి పోదు. డేటా ఫైలు అసలు చిరునామా ఎవరికీ కనపడకుండా రహస్య లిపిలోకి మార్చి ఉంచుతుంది. కొనేవాళ్లు చైన్ మీద టోకెన్ చెల్లించి, ఆ లావాదేవీ నంబరు పట్టుకుని వస్తే, నిజంగా చెల్లించారా లేదా అని చైన్‌లో చూసుకుని, చిరునామా విప్పి ఫైలు అందిస్తుంది. ఫైలు చేతికొచ్చాక కూడా అది ఎక్కడి నుంచి వచ్చిందో కొన్నవాళ్లకు తెలియదు. దీన్ని "గోడౌన్ వాచ్‌మన్" అని రాసుకున్నాం. చీటీ చూసి తాళం తీస్తాడు, అంతే. (ప్రొవైడర్ కూడా ఫీజు పెట్టుకునే వీలుందని కుర్రవాళ్లు గుర్తుచేశారు. సరే, జీతమున్న వాచ్‌మన్.)

మిగతావి తొందరగానే తేలాయి. డీడీఓ అంటే బస్తాకు కట్టిన చీటీ: లోపల ఏముంది, ఎవరు పెట్టారు, ఏ షరతుల మీద ఇస్తారు. డీఐడీ ఆ చీటీ మీది గుర్తింపు నంబరు. దాన్ని ఏ ఆఫీసూ ఇవ్వదు. ఎన్ఎఫ్‌టీ చిరునామానూ చైన్ నంబరునూ కలిపి హాష్ చేస్తే (అంటే ఒక లెక్కతో ఎప్పుడూ ఒకే పొడవుండే ముద్రగా మారిస్తే) 64 అక్షరాలంకెలు వస్తాయి, అదే నంబరు. అక్వేరియస్ చైన్ మీద కొత్త చీటీ పడినప్పుడల్లా విని, తన దగ్గర ఒక కాపీ రాసుకుంటుంది. మనం వెతికేది ఆ కాపీలోనే. సబ్‌గ్రాఫ్ కొనుగోళ్ల ఖాతా పుస్తకం. చైన్ మీద ప్రతి లావాదేవీకి కట్టే రుసుమైన గ్యాస్‌ను గ్యాస్ అనే ఉంచాం, సిలిండర్ కాదని పక్కన ఒక ముక్క రాశాం. సెపోలియా అనే పరీక్షా నెట్‌వర్క్‌లో ఉచితంగా ఉత్తుత్తి ఈథర్ (ఆ రుసుము కట్టే నాణెం) ఇచ్చే చోటును ఫాసెట్ అంటారు, అంటే కొళాయి. అది కూడా మన వార్డు కొళాయి లాంటిదే, రోజుకు ఇంతే అని కొలిచి వదులుతుంది.

వాన నోటుబుక్కు

చదివింది చేసి చూడాలి కదా. సభ్యుడొకరి నాన్నగారు పొలంలో వానకొలత డబ్బా పెట్టుకుని, ప్రతి వానకూ ఉదయం పూట కొలత రాసుకునే మనిషి. ఏడాదికి సుమారు 550 మిల్లీమీటర్లు కురిస్తే మామూలు సంవత్సరం అనుకునే జిల్లాలో ఆ నోటుబుక్కుకు విలువ ఉందని మాకు అనిపించింది. ఆయన అనుమతితో ఒక ఏడాది పేజీలు టైపు చేసి, సెపోలియా మీద డేటా ఎన్ఎఫ్‌టీ తీసి, ధర పెట్టకుండా ఉచితంగా ఉంచాం. ఉచితానికి కూడా టోకెన్ కావాలి. దాన్ని పంచేదాని పేరు డిస్పెన్సర్.

రెండు రోజులు అంతా బాగానే ఉంది. మూడో రోజు బెంగళూరులో ఉన్న మన సభ్యురాలు ఫోన్ చేసింది. "జాబితాలో కనిపిస్తోందన్నా, టోకెన్ కూడా వచ్చింది, ఫైలు మాత్రం రావట్లేదు." కోడ్ అంతా వెతికాం. టెన్షన్ పడి కాంట్రాక్టుల (చైన్ మీద నడిచే ప్రోగ్రాముల) చిరునామాలు ఒక్కొక్కటీ సరిచూశాం. సాయంత్రానికి తేలిందేమిటంటే, మన ప్రొవైడర్ నడుస్తున్న లాప్‌టాప్ ఉన్న గదిలో కరెంటు పోయింది, బ్యాటరీ అయిపోయింది. చైన్ మీద హక్కు పత్రం భద్రంగా ఉంది, అక్వేరియస్‌లో చీటీ ఉంది, టోకెన్ చెల్లింది, గోడౌన్‌కు మాత్రం తాళం. వికేంద్రీకృతం అని నోరారా చెప్పుకున్న నెట్‌వర్క్‌లో మా సరుకు ఒకే ఒక్క లాప్‌టాప్ మీద ఆధారపడి ఉంది. ఏ భాగం ఎక్కడుంటుందో పాఠాల్లో ఎన్నిసార్లు చెప్పినా ఎక్కని విషయం ఆ పూట అందరికీ ఎక్కింది. ఫైలునూ ప్రొవైడర్‌నూ ఎక్కడ ఉంచాలన్నది పెట్టేవాళ్ల బాధ్యతే. కావాలంటే ఫైలును ఐపీఎఫ్ఎస్ (చాలా కంప్యూటర్లు కలిసి ఫైళ్లు దాచే పద్ధతి)లో పెట్టుకోవచ్చు, కానీ దాన్ని కూడా ఎవరో ఒకరు నిలిపి ఉంచాలి.

రెండో పొరపాటు నాది. ఆ సభ్యురాలికి ఫైలు అందాక మళ్లీ ఫోన్ వచ్చింది. "మనూళ్లో ఒక్క పూటలో 125 మిల్లీమీటర్లు ఎప్పుడు పడిందన్నా? బస్టాండు కొట్టుకుపోయి ఉండాలే!" నోటుబుక్కులో ఉన్నది 12.5. చుక్క నేనే మింగేశాను. హాష్ సరిపోయింది, సంతకం సరిపోయింది, చీటీ సరిపోయింది, లోపలి అంకె మాత్రం తప్పు. నెట్‌వర్క్‌కు వాన తెలియదు. ఎవరు పెట్టారో, ఎవరు తీసుకున్నారో అది గట్టిగా చెప్పగలదు. పెట్టింది నిజమో కాదో చెప్పలేదు. నాన్నగారికి విషయం చెబితే, "కాయితం మీద గీకి పక్కన దిద్దితే పోయేదానికి ఇంత రాద్ధాంతమా" అన్నారు. దిద్దాం. ఫైలు మార్చి కొత్త చీటీ పంపితే అక్వేరియస్ దాన్ని ఎత్తుకుంది. పాత చీటీ పంపిన లావాదేవీ మాత్రం చైన్ మీద అట్లే ఉంది, ఉంటుంది.

వద్దనుకున్నవి

ఆ అనుభవం తర్వాతే ఒక ప్రతిపాదనను కమిటీ తిరస్కరించింది. సభ్యుల ఫోన్ నంబర్లు, కుటుంబ వివరాలు ఒక డేటా సెట్‌గా పెడితే పరీక్షకు బాగుంటుందని కొందరన్నారు. 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం మన వివరాలను దిద్దమని, తుడిచేయమని అడిగే హక్కును రాసిపెట్టింది. చైన్ మీద పడ్డది తుడవలేం. చీటీలో పొరపాటున ఒక పేరు పడినా చాలు. మనుషుల వివరాలు ఏ రూపంలోనూ పెట్టకూడదని తీర్మానించాం.

ఇలాంటి డేటా కోసమే కంప్యూట్-టు-డేటా అనే పద్ధతి ఉంది. శనక్కాయల మిషన్ పొలం దగ్గరికే వస్తుంది కదా, పంటను మిషన్ దగ్గరికి మోసుకుపోరు. అట్లాగే ఇక్కడ లెక్క చేసే ప్రోగ్రామే డేటా దగ్గరికి వస్తుంది. ఆపరేటర్ సర్వీస్ పనిని అందుకుంటుంది, ఆపరేటర్ ఇంజిన్ కుబెర్నెటీస్ (ప్రోగ్రాములను విడివిడిగా నడిపే సాఫ్ట్‌వేర్) మీద విడిగా ఒక గది తెరిచి లెక్క నడిపి, ఫలితాన్ని మాత్రం బయటికి పంపుతుంది. అయితే ఏ ప్రోగ్రామును లోపలికి రానివ్వాలో డేటా యజమాని ముందే పేర్లతో చెప్పాలి. మొత్తం డేటానే ఫలితమని రాసి బయటపడే ప్రోగ్రాము రాయడం మన డిగ్రీ పిల్లలకు పది నిమిషాల పని. దీన్ని చదివాం, నడపలేదు. మన లాప్‌టాప్ కుబెర్నెటీస్ అనే మాట వినగానే వేడెక్కుతోంది.

టోకెన్లు కొనమంటారా అని ఏడాది పొడుగునా అడిగారు. మన సంఘం ఒక్కటి కూడా కొనలేదు, సలహా ఇవ్వదు. లాభం వస్తే 30 శాతం పన్ను, అమ్మకంపై 1 శాతం టీడీఎస్ 2022 నుంచి అమల్లో ఉన్నాయని మాత్రం గుర్తుచేస్తున్నాను. ఓషన్ 2024లో ఫెచ్, సింగులారిటీనెట్ అనే ఏఐ ప్రాజెక్టులతో కూటమి కట్టి, 2025 అక్టోబరులో బయటికి వచ్చింది. ఆ గొడవ మన పట్టికలో ఒక్క మాటను కూడా మార్చలేదు కాబట్టి దాని జోలికి పోలేదు.

ఖర్చులు టీ, టిఫిను, జిరాక్సులే. రసీదులు కోశాధికారి దగ్గర ఉన్నాయి, సమావేశంలో చూడవచ్చు.

వచ్చే ఏడాదికి రెండు పనులు. లాప్‌టాప్‌ను ఇన్వర్టర్ ఉన్న ఇంటికి మార్చాలి, ఒక సభ్యురాలు ఒప్పుకున్నారు. వాన కొలతలు టైపు చేసేటప్పుడు ఒకరు చదవాలి, ఇంకొకరు కొట్టాలి, మూడో మనిషి చుక్కలు చూడాలి. ఆ మూడో మనిషి నేను కాకూడదని కమిటీ ఏకగ్రీవంగా తీర్మానించింది. ఇళ్లలో పాత వాన నోటుబుక్కులు ఉన్నవాళ్లు రెండో ఆదివారం తీసుకురండి. ఆ రోజు వాన వచ్చేలా ఉంటే ప్లాస్టిక్ కవర్లో పెట్టుకుని రండి.

ఇట్లు,
కార్యదర్శి