టీకా గొడవ మీ స్టాఫ్‌రూమ్ దాకా వచ్చిందా బావా!

ఒరేయ్ బావా,

నీ వాయిస్ మెసేజ్ మొత్తం విన్నాను. మధ్యలో బడి గంట మోగబట్టి ఆగావు గానీ, లేకపోతే ఇంకో పావుగంట వాయించేవాడివి. 2025 జూలైలో, హాసన్ జిల్లాలో వరస గుండెపోటు మరణాల మీద కర్ణాటక ముఖ్యమంత్రి సిద్ధరామయ్య మాట్లాడుతూ, కోవిడ్ టీకాలకి తొందరపడి అనుమతులివ్వడం కూడా ఒక కారణం కావచ్చన్నాడు. దాంతో మీ స్టాఫ్‌రూమ్ రెండు ముక్కలైందన్నమాట. లెక్కల మాస్టారేమో "నేనప్పుడే చెప్పాను" అంటాడు, సైన్స్ మేడమేమో ఆయన్ని మూర్ఖుడంటుంది. మెడికల్ షాపు వాణ్ని కాబట్టి తీర్పు నన్ను చెప్పమంటావు. ఫోన్‌లో చెబుదామంటే రెండో వాక్యం పూర్తి చెయ్యనివ్వవు. అందుకే రాస్తున్నాను, ఆదివారం టిఫిన్ అయ్యాక తీరిగ్గా చదువుకో.

గుండెపోటు సంగతి ముందు తేల్చేస్తాను, అందులో పెద్దగా చెప్పాల్సిందేమీ లేదు. 18 నుంచి 45 ఏళ్ల లోపువాళ్లు బాగానే ఉండి హఠాత్తుగా ఎందుకు చనిపోతున్నారో భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) వాళ్లు ఆరా తీసి, 2023లో ఆ అధ్యయనం బయటపెట్టారు. అలా పోయిన 729 మంది వివరాలని, అదే ఈడు, అదే ప్రాంతం వాళ్లు 2,916 మందితో పోల్చి చూశారు. టీకా వల్ల ముప్పు పెరిగినట్టు తేలలేదు. రెండు డోసులు వేసుకున్నవాళ్లకి ముప్పు తక్కువగానే కనిపించింది. కోవిడ్‌తో ఆస్పత్రిలో చేరి ఉండటం, ఇంట్లో అంతకుముందు అలాంటి మరణం జరిగి ఉండటం, పోయేముందు రెండు రోజుల్లో విపరీతంగా తాగడం, ఒళ్లు హూనమయ్యేలా కష్టపడటం... లెక్కకొచ్చినవి ఇవి. ఇక నీ టెన్షన్ నాకు తెలుసు. నీది కొవిషీల్డ్, అంటే ఆస్ట్రాజెనెకా-ఆక్స్‌ఫర్డ్ టీకాని పుణేలో సీరం కంపెనీ చేసింది. దానివల్ల బహు అరుదుగా రక్తం గడ్డకట్టొచ్చని ఆస్ట్రాజెనెకా లండన్ కోర్టు కాగితాల్లో ఒప్పుకుందన్న వార్త వచ్చినప్పుడు అర్ధరాత్రి నన్ను లేపావు కదా. మళ్లీ చెబుతున్నాను. అది వస్తే సూది వేసిన కొద్ది వారాల్లో వస్తుంది, ఏళ్ల తర్వాత కాదు. నిద్రపో.

కానీ "తొందరపడి" అన్న ఆ ఒక్క మాట ఉంది చూడు, దాన్ని మాత్రం అంత తేలిగ్గా తీసెయ్యలేను. అన్ని టీకాల విషయంలో కాదు, మా హైదరాబాద్ టీకా కొవాగ్జిన్ విషయంలో.

మా ఇంటి ముందు నుంచి పోయే రోడ్డు పట్టుకుంటే హకీంపేట, తూంకుంట, శామీర్‌పేట దాటాక తుర్కపల్లి. అక్కడే మందుల, టీకాల కంపెనీలుండే జినోమ్ వ్యాలీ, అందులోనే కొవాగ్జిన్ చేసిన భారత్ బయోటెక్. 2020 నవంబర్ 28న ప్రధాని ఆ ప్లాంటు చూడ్డానికి హకీంపేటలో దిగినప్పుడు మా అల్వాల్‌లో ఎంత హడావుడో! షాపుకొచ్చిన ప్రతివాడూ ఆ టీకాని తన చేత్తో తయారుచేసినట్టే మాట్లాడాడు. అదే జనం జనవరిలో కౌంటర్ దగ్గర గొంతు తగ్గించి, "అన్నా, మనదేస్తారా, పుణేదేస్తారా? పుణేది దొరకదా?" అని అడిగారు. ఊరి మీద ప్రేమ వేరు, జబ్బ చాపడం వేరు.

ఇంతకీ జరిగిందేంటి? 2021 జనవరి 3, ఆదివారం. దేశంలో మందులకి అనుమతులిచ్చే డ్రగ్స్ కంట్రోలర్ జనరల్ వీజీ సోమానీ కొవిషీల్డ్‌కీ, కొవాగ్జిన్‌కీ కలిపి అనుమతి ప్రకటించాడు. కొవిషీల్డ్‌కి బ్రిటన్‌లో, బ్రెజిల్‌లో జరిపిన పరీక్షల ఫలితాలు అప్పటికే వచ్చాయి. కొవాగ్జిన్‌కి మొదటి దశ 375 మంది మీద, రెండో దశ 380 మంది మీద అయ్యాయి. ఒంటికి పడుతోందా, యాంటీబాడీలు వస్తున్నాయా అంటే రెండిటికీ అవుననే జవాబొచ్చింది. కానీ టీకా వేసుకున్నవాడికి జబ్బు రాకుండా ఆగుతుందా అన్నది మూడో దశలోనే తెలుస్తుంది. దాదాపు 26 వేల మందితో ఆ మూడో దశ నవంబర్‌లోనే మొదలైంది, జనవరి 3 నాటికి మనుషుల్ని చేర్చుకోవడం కూడా పూర్తికాలేదు. పిల్లాడు ఇంకా పరీక్ష రాస్తుండగానే వాడి ర్యాంకు ఫ్లెక్సీ కట్టేసినట్టన్నమాట. పిల్లాడు తెలివైనవాడే కావచ్చు, ఆ ర్యాంకే రావచ్చు కూడా. ఫ్లెక్సీ కట్టినవాణ్ని మాత్రం అడుగుతాం కదా!

అడిగారు. కాంగ్రెస్ నుంచి శశి థరూర్ అడిగాడు, జైరాం రమేశ్ అడిగాడు. జనం మీద జరిగే ట్రయల్స్ ఎన్నో చూసిన వైరాలజిస్ట్ గగన్‌దీప్ కాంగ్ లాంటివాళ్లూ అడిగారు. అందరూ అడిగింది ఇంచుమించు ఒకటే: పని చేస్తుందనడానికి లెక్కలేవి? ఆ అనుమతిలో "క్లినికల్ ట్రయల్ మోడ్‌లో" అని ఒక ముక్క ఉంది. దాని అర్థమేంటో ఆ పూట ఎవరూ విడమరిచి చెప్పలేదు. సోమానీగారు మాత్రం ఇవి నూటికి నూటపది శాతం సురక్షితం అన్నాడు. బావా, షాపులో పారాసిటమాల్ స్ట్రిప్ అమ్మేటప్పుడు కూడా నేను నూరు శాతం అనను.

ఇవి చాలక కంపెనీలవాళ్లే కొట్టుకున్నారు. సీరం అధిపతి అదర్ పూనావాలా ఒక ఇంటర్వ్యూలో ఫైజర్, మోడెర్నా, ఆక్స్‌ఫర్డ్‌వి మాత్రమే రుజువైనవి, మిగతావి నీళ్లలా సురక్షితం అన్నాడు. మర్నాడే భారత్ బయోటెక్ అధిపతి కృష్ణ ఎల్లా ప్రెస్‌మీట్ పెట్టి మండిపడ్డాడు. నిజాయతీగా ట్రయల్స్ చేస్తున్నాం, భారతీయ కంపెనీ అయితే చాలు అందరూ రాళ్లేస్తారని ఆయన ఆవేదన. అందులో కొంత నిజం లేకపోలేదు. రోటావైరస్ టీకా, టైఫాయిడ్ టీకా చేసి ప్రపంచానికి పంపిన కంపెనీని నీళ్లమ్ముకునేవాళ్ల కింద జమకడితే ఎవడికైనా కాలుతుంది. జనవరి 5న ఇద్దరూ కలిసి రాజీ ప్రకటన ఇచ్చారు. నీళ్ల మాట మాత్రం జనం నోళ్లలో ఉండిపోయింది. మా కౌంటర్ దగ్గర దాన్ని "నీళ్ల సూది" అన్నవాళ్లు కూడా ఉన్నారు.

నాకు బాధ కలిగించింది ఆ తర్వాతి సంగతి. అడిగినవాళ్లందర్నీ ఒకే గాటన కట్టేశారు. లెక్కలు చూపించమన్న డాక్టరూ, బీజేపీ టీకా నేను వేసుకోనన్న అఖిలేశ్ యాదవూ, అది వేసుకుంటే మగతనం పోతుందని వాట్సాప్‌లో తిప్పినవాడూ... అందరూ దేశద్రోహులే! అఖిలేశ్ జూన్‌లో వాళ్ల నాన్న వేసుకున్నాక, "భారత ప్రభుత్వ టీకా" అయితే నేనూ వేసుకుంటానన్నాడు. అది రాజకీయం, వదిలెయ్. కానీ ఢిల్లీ రామ్ మనోహర్ లోహియా ఆస్పత్రి రెసిడెంట్ డాక్టర్ల మాటేంటి? జనవరి 16న టీకాలు మొదలైన రోజునే వాళ్లు సూపరింటెండెంట్‌కి లేఖ రాశారు. కొవాగ్జిన్ ట్రయల్ పూర్తి కాలేదు కాబట్టి మాలో చాలామంది ముందుకు రాకపోవచ్చు, కొవిషీల్డ్ ఇప్పించండని. వాళ్లకేమైనా టీకాలంటే పడదా? రోజూ పక్కవాళ్లకి సూదులు వేసేవాళ్లు!

కొవాగ్జిన్ వేసుకునేవాళ్ల చేత సంతకం పెట్టించిన కాగితం గుర్తుందా? దీని సామర్థ్యం ఇంకా నిర్ధారణ కాలేదు, మూడో దశ నడుస్తోంది, టీకా వల్ల తీవ్రమైన హాని జరిగితే పరిహారం కంపెనీ ఇస్తుంది అని ఉండేది. నా దృష్టిలో ఆ గొడవ మొత్తంలో నిజాయతీగా మాట్లాడింది ఆ కాగితమొక్కటే. కానీ టీవీలో నూటపది శాతం అని విని, లైన్లో నిలబడి, ఈ కాగితం చదివినవాడి పరిస్థితి ఆలోచించు. భయపడక ఏం చేస్తాడు? ఛత్తీస్‌గఢ్ ఆరోగ్యమంత్రి టీఎస్ సింగ్‌దేవ్ మూడో దశ లెక్కలొచ్చేదాకా మాకు పంపొద్దని కేంద్రానికి రాశాడు. కేంద్రమంత్రేమో ఆయన మీద విరుచుకుపడ్డాడు. లెక్కలు మాత్రం అప్పటికీ లేవు.

మార్చి 1న ప్రధాని ఎయిమ్స్‌లో కొవాగ్జినే వేయించుకున్నాడు. రెండ్రోజులకి మొదటి ఫలితం బయటికొచ్చింది. జబ్బుపడిన 43 మందిలో 36 మంది పోల్చి చూడ్డానికి టీకా లేని ఉత్తుత్తి సూది వేసుకున్నవాళ్లు, ఏడుగురు టీకా వేసుకున్నవాళ్లు. దాదాపు 81 శాతం రక్షణ. ఆ "ట్రయల్ మోడ్" ముక్క కూడా ఆ నెల్లోనే తీసేశారు. అంటే జనవరి 3 నుంచి లెక్కపెడితే సరిగ్గా రెండు నెలలు. ఆ రెండు నెలలూ కొవిషీల్డ్‌తోనే నెట్టుకొచ్చి, మార్చి 3న దీన్ని దించి ఉంటే? ఈ రభస సగం ఉండేది కాదని నా నమ్మకం. వైరస్ రూపం మారి కొవిషీల్డ్ పారకపోతే చేతిలో ఇంకోటి ఉండాలి కదా అని వాళ్లు చెప్పిన కారణం నాకు తెలుసు. అదేమీ పిచ్చి మాట కాదు. ఆ ముక్కే జనవరి 3న తిన్నగా, మనిషి భాషలో చెప్పొచ్చుగా?

ఇంతా చేసి జనం మనసు మార్చింది ఆ 81 కాదు. ఏప్రిల్‌లో రెండో వేవ్. నీకు నేను వర్ణించక్కర్లేదు, మీ పెదనాన్నని ఆ నెల్లోనే పోగొట్టుకున్నాం. "మనదా, పుణేదా" అని అడిగినవాళ్లే తెల్లవారకముందు ఆరోగ్య కేంద్రం ముందు చెప్పులు వరసలో పెట్టారు. టీకా బుక్ చేసుకునే కోవిన్ సైట్‌లో స్లాటు కోసం ఓటీపీలతో కుస్తీలు. నేనూ ఆ ఏప్రిల్‌లోనే వెళ్లాను, 45 దాటినవాళ్లందరికీ ఇస్తున్నారు కదా. ఆ రోజు అక్కడున్నది కొవాగ్జినే, వేసుకున్నాను. జబ్బ కాస్త సలిపింది, అంతే. ప్రైవేటులో అయితే కొవాగ్జిన్ 1,200, తర్వాత పన్నులతో కలిపి 1,410 దాకా పోయింది. కొవిషీల్డ్ 780. ఊరి సరుక్కి ఊళ్లోనే ఎక్కువ రేటు! దీని మీద నాకు ఇప్పటికీ మంటే.

ఇక మీ నెల్లూరు సంగతికొస్తాను, తప్పించుకోలేవు. ఆ మేలోనే కృష్ణపట్నంలో ఆనందయ్య కోవిడ్‌కని ఇచ్చిన నాటు మందు కోసం ఎంత జనం! మీ తోడల్లుడు కూడా వెళ్లాడని నువ్వే చెప్పావు. టీకాకి మూడో దశ అడిగినవాళ్లలో ఎంతమంది అక్కడ మొదటి దశైనా అడిగారు? నేను వెక్కిరించడానికి అనట్లేదు. ఆయన ఎదురుగా నిలబడి, ఊరివాడిగా, డబ్బు తీసుకోకుండా ఇచ్చాడు. మనిషిని నమ్మడానికి జనానికి అది చాలు. ఢిల్లీ నుంచి వచ్చే ప్రకటనకి ఆ సౌకర్యం లేదు. అందుకే దానికి లెక్కలు ఉండి తీరాలి.

తర్వాత లెక్కలన్నీ వచ్చాయి. 2021 నవంబర్‌లో లాన్సెట్‌లో అచ్చయింది: 130 కేసుల్లో టీకావాళ్లవి 24, ఉత్తుత్తి సూదివాళ్లవి 106. అంటే 77.8 శాతం. డెల్టా మీద 65 శాతం చిల్లర. నవంబర్ 3న ప్రపంచ ఆరోగ్య సంస్థ గుర్తించింది. అప్పటిదాకా కొవాగ్జిన్ వేసుకుని అమెరికా వెళ్లబోయిన మన పిల్లల్ని అక్కడి యూనివర్సిటీలు కొన్ని మళ్లీ వేరే టీకా వేసుకోమన్నాయి. మా షాపు పైన ఉండే కుర్రాడు ఆ బెంగతో రోజూ వచ్చి, రెండు రకాలు కలిపితే ఏమవుతుందని నన్ను అడిగేవాడు. నాకేం తెలుసు! ఆ మరుసటి ఏడాది ఏప్రిల్‌లో ప్రపంచ ఆరోగ్య సంస్థే తనిఖీ చేసి, తయారీ పద్ధతుల్లో లోపాలున్నాయని ఐరాస సంస్థల ద్వారా సరఫరా ఆపింది. టీకా భద్రతకీ, పనితనానికీ ఢోకా లేదని కూడా అప్పుడే చెప్పింది. మీ వాట్సాప్ పెద్దలు మొదటి సగమే ఫార్వర్డ్ చేస్తారు, చూస్కో.

కాబట్టి మీ సైన్స్ మేడమ్‌కి చెప్పు, టీకా మంచిదేనన్న ఆమె మాట కరెక్టు. అయితే మంచిదని తేలింది కాబట్టి అప్పుడు అడిగినవాళ్లు మూర్ఖులు అంటే నేనొప్పుకోను. అడిగిన రోజుకి జవాబు ఎవరి దగ్గరా లేదు. లెక్కల మాస్టారికి కూడా చెప్పు, ఆయన అప్పుడు అడిగింది న్యాయమే, కానీ జవాబొచ్చి మూడున్నరేళ్లు దాటింది. లెక్కల మాస్టారయ్యుండి లెక్క చూడనంటే ఎలా? బలవంతం చెయ్యకూడదు కదా అంటాడేమో, ఆ మాట సుప్రీంకోర్టే చెప్పింది. 2022 మే 2న జాకబ్ పులియెల్ అనే డాక్టరు వేసిన కేసులో ఎవరినీ టీకా వేసుకోమని బలవంతపెట్టరాదంది. ట్రయల్స్ వివరాలు జనానికి బయటపెట్టమంది. అదే తీర్పులో ప్రభుత్వ టీకా విధానాన్ని తప్పుపట్టలేదు కూడా. ఇద్దరూ చెరో సగం పట్టుకుని ఇంకో వారం కొట్టుకోవచ్చు.

సరే, చివర్లో అమ్మకి ఫ్లూ టీకా గురించి అడిగావు. షుగరుంది, వయసుంది, వేయించడమే మేలు. ముందు మీ డాక్టర్ని ఒక మాట అడుగు. వైరస్ మారుతూ ఉంటుంది కాబట్టి అది ఏటా వేయించాలి, ఈ ఏటిదేనా అని పెట్టె మీద చూసి తీసుకో. రెండు నుంచి ఎనిమిది డిగ్రీల మధ్య ఉండాలి. కరెంటు పోతే జనరేటర్ ఉన్న షాపులోనే కొను, ఐస్ ప్యాక్ పెట్టి ఇవ్వమను, తిన్నగా క్లినిక్‌కే పట్టుకుపో. ఇంటికి తెచ్చి ఫ్రిజ్‌లో చింతపండు పులుసు గిన్నె పక్కన పెట్టావంటే నేనే వచ్చి తంతాను. బిల్లు, బ్యాచ్ నంబరు ఫోటో తీసి నాకు పంపించు.

ఇట్లు,
నీ బావ