మా దారిలో బ్రిడ్జి వేసినవాళ్లకు, దాని ఖర్చు భరించిన మీకు

అందరికీ నమస్కారం. పెళ్లయినప్పటి నుంచి నేను శ్రీలంక ఉత్తరాన ముల్లైతీవు జిల్లాలో ఉంటున్నాను. ఇంట్లో మాట్లాడేది తమిళమే. ఈ నాలుగు మాటలు మాత్రం తెలుగులోనే రాయాలనిపించింది, ఎందుకంటే ఇవి మీకు చేరాల్సినవి. దిత్వా తుపానుకు మా దారిలో దెబ్బతిన్న వంతెన స్థానంలో భారత సైన్యం ఇంజినీర్లు వచ్చి కొత్త బ్రిడ్జి వేశారు. ఖర్చు భారత ప్రభుత్వానిది. అంటే మీరు కట్టిన పన్నుల్లోంచి వచ్చిన డబ్బు. అది ఎవరికి ఎలా అందిందో ఇక్కడ ఉండి చూసిన మనిషి ఒకరు మీకు చెప్పాలి కదా.

తుపాను తీరం దాటింది 2025 నవంబర్ 28న. దేశంలో 25 జిల్లాలుంటే ఒక్కటి కూడా తప్పించుకోలేదు. 600 మందికి పైగా చనిపోయారు. క్యాండీ, బదుల్ల, నువర ఎలియ వైపు కొండచరియలు ఇళ్ల మీద పడి నిద్రలో ఉన్నవాళ్లను ఉన్నట్టే కప్పేశాయి. మా వైపు కొండలు లేవు. మాకు నీళ్లతోనే భయం. చెరువులు నిండి పొర్లుతుంటే, వరి చేలు, రోడ్లు, కాలవలు అన్నీ ఒకే నీళ్లయిపోతాయి. వరద వంతెనను ఒక్క తోపు తోసి పడేస్తుందని చాలామంది అనుకుంటారు. చాలాసార్లు దెబ్బ తగిలేది అడుగునే. పునాదుల చుట్టూ ఉన్న మట్టిని ప్రవాహం కొద్దికొద్దిగా కోసుకుపోతుంది, వంతెన ఆనుకున్న గట్టు జారిపోతుంది. పైన తారు బాగానే కనిపిస్తుంటుంది. ఆ వంతెన మీద బస్సు ఎక్కించడానికి ఏ డ్రైవరుకు ధైర్యం వస్తుంది?

మా రోడ్డు పేరు ఏ-35. జాఫ్నా వెళ్లే ఏ-9 హైవే నుంచి పరంతన్ దగ్గర చీలి, విశువమడు, పుదుకుడియిరుప్పు దాటి ముల్లైతీవు సముద్రం దాకా వస్తుంది. మాకు కావలసినవన్నీ ఈ రోడ్డు మీదే నడుస్తాయి. పట్టిన చేపలు ఐస్ పెట్టెల్లో జాఫ్నా వైపు పోతాయి. అటునుంచి గ్యాస్ సిలిండర్లు, మందులు వస్తాయి. కిలినొచ్చి ఆసుపత్రికి పోవాలన్నా ఇదే దారి. అది తెగితే ఏ-34 పట్టుకుని మాంకుళం దాకా పోయి, మళ్లీ ఏ-9 మీద ఉత్తరానికి రావాలి. కారున్నవాడికి అది డీజిల్ ఖర్చు, విసుగు, అంతే. రోజు కూలి మీద బతికేవాడికి ఆ పూట పనే పోతుంది. చేపలవాళ్ల సంగతి ఇంకా కష్టం. చుట్టు తిరిగి వెళ్లేసరికి ఐస్ కరిగిపోతుంది, అక్కడ బేరగాడు చెప్పిందే ధర. మా అత్తయ్య బీపీ మాత్రలు అయిపోతాయేమోనని ఇంట్లో అందరికీ టెన్షన్. ఎవరు అటు పోతున్నా చేతిలో చీటీ పెట్టి పంపేవాళ్లం.

కొత్త బ్రిడ్జి ఇనుమంతా విమానంలో వచ్చింది. 110 టన్నుల సామాను భారత వాయుసేన సీ-17 విమానాల్లో తెచ్చారు. దీన్ని బెయిలీ బ్రిడ్జి అంటారు. రెండో ప్రపంచ యుద్ధ కాలంలో డొనాల్డ్ బెయిలీ అనే బ్రిటిష్ ఇంజినీరు తయారుచేసిన పద్ధతి ఇది. ఇందులో నాకు బాగా నచ్చింది దాని లెక్క. ఒక్కో ఇనుప చట్రం పది అడుగుల పొడవుంటుంది, ఆరుగురు మనుషులు పట్టుకుంటే లేస్తుంది. అంటే పెద్ద క్రేన్లు రాలేని చోట కూడా మనుషుల భుజాల మీద పని సాగుతుంది. పట్టె మంచం బిగించినట్టు చట్రానికి చట్రం చేర్చి పిన్నులు దిగ్గొడతారు. ఒక గట్టు మీదే బ్రిడ్జిని కూర్చి, రోలర్ల మీద అవతలి గట్టుకు నెడతారు. ముందు భాగం గాలిలో వేలాడుతూ వెళ్తుంది కాబట్టి బరువుకు ఒరిగిపోకుండా దానికి తేలికైన ముక్కు ఒకటి తగిలిస్తారు. అవతలికి చేరాక ఆ ముక్కు విప్పేస్తారు. వినడానికి తేలికే. నిలువునా వాన పడుతున్న డిసెంబర్‌లో, బురదలో నిలబడి, వంతెన ఇవతల వందల మంది ఎదురుచూస్తుంటే చేయడం వేరు.

అంతకంటే ముందు పాతది విప్పాలి. దాని గురించి ఎవరూ ఫొటోలు పెట్టరు, కానీ ప్రమాదం ఎక్కువ ఆ పనిలోనే. శ్రీలంక సైన్యం ఇంజినీర్లు, ఇక్కడి రోడ్డు అభివృద్ధి సంస్థ సిబ్బంది కూడా వీళ్లతో కలిసి పనిచేశారు. వాళ్లకూ నా దండాలు. డిసెంబర్ 23న రెండు దేశాల విదేశాంగ మంత్రులు జైశంకర్ గారు, విజిత హేరత్ గారు కలిసి ఈ 120 అడుగుల బ్రిడ్జిని ప్రారంభించారు. తుపాను వచ్చి నెల కూడా తిరగలేదు.

ఇక్కడ ఒక మాట దాచకుండా చెప్పాలి. ఈ ప్రాంతంలో పెద్దవాళ్లకు భారత సైన్యం అంటే 1987 నుంచి 1990 దాకా ఇక్కడున్న శాంతి సేన గుర్తొస్తుంది. ఆ జ్ఞాపకాలు మంచివి కావు. ఆ రోజుల్లో అయినవాళ్లను పోగొట్టుకున్న ఇళ్లు మా వీధిలోనే ఉన్నాయి. అందుకే ఈసారి యూనిఫారాలు చూసి మొదట్లో కొందరు దగ్గరికి రాలేదు. పని మొదలయ్యాక నెమ్మదిగా వచ్చి గట్టు మీద నిలబడి చూశారు. తర్వాత టీ ఫ్లాస్కులు వచ్చాయి. ఆ కుర్రాళ్లలో ఎవరికి ఏ భాష వచ్చో తెలియదు, సైగలతోనే “తాగు బాబూ” అన్నారు. పాత గాయం మానిపోయిందని నేను అనడం లేదు, అది నేను అనగలిగిన మాట కాదు. స్పానర్లు పట్టుకుని వచ్చిన ఆ పిల్లల్ని మాత్రం మా ఊరు మనసారా దీవించింది.

బ్రిడ్జి ఒక్కటే కాదు. ఆపరేషన్ సాగర్ బంధు పేరుతో మొదటి రోజు నుంచే సాయం వచ్చింది. అప్పటికే కొలంబో రేవులో ఉన్న ఐఎన్ఎస్ విక్రాంత్ నుంచి సరుకులు దించారు. మహియంగణలో సైన్యం ఆసుపత్రి పెట్టింది. తర్వాత పునర్నిర్మాణం కోసం భారత్ 45 కోట్ల డాలర్లు ప్రకటించింది. అందులో 35 కోట్లు తక్కువ వడ్డీ అప్పు, 10 కోట్లు తిరిగి ఇవ్వనక్కరలేని గ్రాంటు. 2022లో అప్పులు కట్టలేక చేతులెత్తేసిన దేశంలో ఉంటున్నదాన్ని కాబట్టి ఈ రెండింటికీ తేడా నాకు బాగా తెలుసు. అప్పుకూ కృతజ్ఞతలే, ఆ సమయంలో ఇచ్చేవాళ్లు ఉండటమే గొప్ప. కానీ నా మనసు ఎక్కువగా మొక్కేది ఆ పది కోట్లకు, పరాయి ఊరి బురదలో దిగిన మనుషులకు. ఇతర దేశాలు కూడా విమానాలు, సరుకులు పంపాయి. నా కళ్ల ముందు జరిగింది కాబట్టి బ్రిడ్జి గురించే ఎక్కువ రాస్తున్నాను, వాళ్ల మేలు తక్కువని కాదు.

తెలుగువాళ్లకు ఇంకో సంగతి కూడా చెప్పాలి. ఇక్కడ ఎవరికైనా ప్రాణం మీదికొస్తే 1990కి ఫోన్ చేస్తాం, అంబులెన్స్ డబ్బులు అడగకుండా వస్తుంది. 2016లో భారత్ గ్రాంటుతో మొదలైన ఈ సేవను హైదరాబాద్‌లోని 108 వాళ్లే ఇక్కడ నిలబెట్టారు. ఇప్పుడు ఆ అంబులెన్సులు ఏ-35 మీద చుట్టు తిరగకుండా నేరుగా వెళ్తున్నాయి.

బెయిలీ బ్రిడ్జి శాశ్వతం కాదని మాకు తెలుసు. బరువుకు హద్దుంటుంది, బండ్లు నెమ్మదిగా పోవాలి, పిన్నులూ పలకలూ ఎప్పటికప్పుడు చూసుకోవాలి. కాంక్రీటు వంతెన కట్టించుకోవాల్సిన బాధ్యత ఇక్కడి ప్రభుత్వానిది, దాన్ని అడగాల్సినవాళ్లం మేము. ఆ లోపు బతుకు ఆగకుండా చేశారు మీరు.

“మేమేమైనా పంపాలా?” అని మా చుట్టాలు అడుగుతున్నారు. మా ఇంటికి ఏమీ వద్దు. కొండల్లో టీ తోటల కూలీలు ఉండే లైన్ ఇళ్లు, అంటే వరసగా కలిపి కట్టిన చిన్న గదులు, పోయాయి, వాళ్లలో చాలామందికి సొంత జాగా కూడా లేదు. మన ఇంజినీర్లు మా తర్వాత క్యాండీ వైపు కూడా బ్రిడ్జిలు వేశారు కాబట్టి అక్కడికి దారి పడింది. ఎవరైనా ఇవ్వదలచుకుంటే, నమ్మకమైన సంస్థ ఏదో విచారించి ఆ కుటుంబాల ఇళ్లకు ఇవ్వండి.