ఒకటో క్యాబిన్ సంగతి

అందరికీ నమస్కారం. మన ఫ్లైట్ సిమ్యులేటర్ సెంటర్‌లో, అంటే కంప్యూటర్ మీద విమానం నడిపే ఈ చోట, ఒకటో క్యాబిన్ ఐదు వారాలుగా మూసి ఉందని మీకు తెలుసు. తలుపు మీద ‘మెయింటెనెన్స్’ అని కాగితం అంటించాను. అడిగినవాళ్లలో ఒకరితో సీటు మోటార్ పోయిందన్నాను, ఇంకొకరితో పార్ట్ రావాలన్నాను, మరొకరితో దసరా తర్వాత చూద్దామన్నాను. ఎనిమిదేళ్లుగా, పదేళ్లుగా వస్తున్నవాళ్ల ముందు అలా నీళ్లు నమలడం నాకే సిగ్గుగా అనిపించింది. అందుకే ఉన్నది ఉన్నట్టు రాస్తున్నాను.

ముందు మీకు కావాల్సిన మాట చెప్పేస్తాను. ఈ శనివారం నుంచి ఒకటో క్యాబిన్ తెరుస్తున్నాను. మెంబర్‌షిప్ ఉన్న అందరికీ ఐదు వారాలు కలిపాను, ఎవరూ అడగక్కర్లేదు. రెండో క్యాబిన్‌కు ఏమీ కాలేదు. అందులో ఎక్స్-ప్లేన్ 12 అనే సిమ్యులేటర్ ఎప్పటిలాగే నడుస్తోంది.

ఇక జరిగింది చెప్తాను.

విండోస్ 10కి ఉచితంగా వచ్చే సెక్యూరిటీ అప్‌డేట్లు 2025 అక్టోబర్ 14తో ఆగిపోయాయి. ఆ తేదీ ముందే తెలుసు కాబట్టి సెప్టెంబర్‌లోనే పని ముగించుకుందామనుకున్నాను. ఒకటో క్యాబిన్ మెషీన్ 2019లో కొన్నది, తొమ్మిదో తరం ఇంటెల్ ప్రాసెసర్. విండోస్ 11కి ఇంటెల్‌లో ఎనిమిదో తరం గానీ ఆ పైది గానీ ఉండాలి, టీపీఎం 2.0 అనే భద్రతా భాగం ఉండాలి. మనదానికి రెండూ ఉన్నాయి. బయాస్‌లో, అంటే విండోస్ కన్నా ముందు తెరుచుకునే సెట్టింగుల్లో, టీపీఎం ఆన్ చేస్తే చాలు. ఉన్నదాని మీదే అప్‌గ్రేడ్ చేస్తే ప్రోగ్రాములు, ఫైళ్లు అన్నీ అలాగే ఉంటాయి. డబ్బు కూడా అక్కర్లేదు. నేనే ఒక రాత్రి కూర్చుంటే అయిపోయే పని.

కూర్చోలేదు. దసరా సెలవులు మొదలయ్యాయి, పిల్లల బుకింగ్స్ పొద్దున పది నుంచి రాత్రి తొమ్మిది దాకా. ఆరేళ్లుగా మన కంప్యూటర్లు చూసే షాపు ఆయనకు అప్పజెప్పాను. పేరు రాయను, రాసి ఒరిగేదేమీ లేదు. ‘పైన విండోస్ మారాలి, లోపల ఉన్నవి ఏవీ కదలకూడదు’ అని చెప్పాను. ‘అలాగే సార్, మీరు టెన్షన్ పడకండి’ అన్నాడు. ఈ మాట విన్నప్పుడే టెన్షన్ పడాల్సింది.

మర్నాడు మెషీన్ తెచ్చి పెట్టారు. ఆన్ చేస్తే డెస్క్‌టాప్ మీద రీసైకిల్ బిన్ ఒక్కటే ఉంది. మిగతాదంతా నీలం రంగు. షాపు కుర్రాడిని అడిగితే, ‘అప్‌గ్రేడ్ మధ్యలో ఆగిపోయింది సార్, అందుకే ఫ్రెష్‌గా వేసేశాను’ అన్నాడు. సాయం చేశానన్న సంతోషం ఆ కుర్రాడి మొహంలో కనబడుతోంది. వాడిని తిట్టలేకపోయాను. ఫ్రెష్‌గా వేయడమంటే ఏమిటో మీలో కంప్యూటర్ తెలిసినవాళ్లకు చెప్పక్కర్లేదు. డిస్క్ మొత్తం ఫార్మాట్ కొట్టేశాడు.

అప్‌గ్రేడ్ మాత్రమే చేసి ఉంటే పాత విండోస్ పది రోజుల పాటు ఒక ఫోల్డర్‌లో దాగి ఉండేది, నచ్చకపోతే వెనక్కి వెళ్లే వీలుండేది. ఫార్మాట్ అయ్యాక ఆ దారి లేదు. డేటా తిరిగి తీసేవాళ్ల దగ్గరకు రెండు చోట్లకు తీసుకెళ్లాను. పాత హార్డ్‌డిస్క్ అయితే ఆశ ఉండేదట. మనది ఎస్‌ఎస్‌డీ, కొత్త రకం డిస్క్. అందులో ట్రిమ్ అనేదొకటి పనిచేస్తుంది, ఖాళీ అయిన చోటును అది తుడిచిపెట్టేస్తుంది. ఇద్దరూ ఒకే మాట చెప్పి ఫీజు కూడా తీసుకోలేదు.

షాపు ఆయనతో మాట్లాడాను. మొదటి రోజు ‘చూద్దాం సార్’. రెండో రోజు ఫోన్ ఎత్తలేదు. మూడో రోజు వాళ్ల షాపుకే వెళ్లాను. బిల్లు తిప్పి వెనకాల చిన్న అక్షరాలు చూపించాడు: బ్యాకప్ బాధ్యత కస్టమర్‌దే. కింద నా సంతకం. ఆరేళ్లలో ఆ వెనకవైపు నేను ఒక్కసారీ చదవలేదు. మూడు వేల ఐదు వందలు తిరిగి ఇస్తానన్నాడు, నేను తీసుకోలేదు. ఇంట్లో అది మూర్ఖత్వమన్నారు. కావచ్చు. ఆ డబ్బు తీసుకుంటే లెక్క తేలిపోయినట్టు అవుతుంది. లెక్క తేలలేదు.

ఏం పోయిందో కొత్తగా వస్తున్నవాళ్లకు తెలియదు కాబట్టి చెప్తాను. ఒకటో క్యాబిన్‌లో నడిచేది ఫ్లైట్ సిమ్యులేటర్ ఎక్స్. 2006లో వచ్చింది. మన దగ్గర ఉన్నది 2014 చివర్లో స్టీమ్ అనే ఆన్‌లైన్ గేమ్ స్టోర్‌లో వచ్చిన స్టీమ్ ఎడిషన్. దాని ప్రపంచంలో ఇరవై నాలుగు వేలకు పైగా ఎయిర్‌పోర్టులున్నాయి గానీ శంషాబాద్ లేదు. ఎందుకంటే అది మొదలైంది 2008 మార్చిలో. ఆ సిమ్యులేటర్‌కు హైదరాబాద్ అంటే బేగంపేటే.

దానితో వచ్చే బేగంపేట అసలు ఎయిర్‌పోర్టులా ఉండదు. ఒక రన్‌వే, నాలుగు డబ్బాల్లాంటి భవనాలు. దాన్ని నేను 2015 నుంచి కొద్దికొద్దిగా కట్టుకుంటూ వచ్చాను. టెర్మినల్, ఎదురుగా రోడ్డు, ఎంఎంటీఎస్ స్టేషన్. రన్‌వే 27 మీద దిగడానికి తూర్పు నుంచి వస్తుంటే ముందు మల్కాజ్‌గిరి, తర్వాత మారేడ్‌పల్లి ఇళ్ల పైకప్పులు, ఎడమ చేతి వైపు సికింద్రాబాద్ స్టేషన్, ఇంకాస్త ముందుకొస్తే పరేడ్ గ్రౌండ్స్, దూరంగా హుస్సేన్‌సాగర్. ఆ రోజుల్లో మేడ మీద బట్టలు ఆరేస్తుంటే విమానం చక్రాలు కనిపించేవని చెప్పేవాళ్లు మీలోనే ఎంతమంది ఉన్నారో! మీరు చెప్పిన ఒక్కో గుర్తూ అందులో పెట్టాను.

దాని బ్యాకప్ నా దగ్గర ఉన్నది 2021 నాటిది. ఆ తర్వాత నాలుగేళ్లలో చేసినదంతా పోయింది. రాత్రి దీపాలు, మారేడ్‌పల్లి వైపు సగం ఇళ్లు, టెర్మినల్ కిటికీలు. కిటికీలు ఎన్నో నాకు చెప్పింది మన పెద్దాయన. బేగంపేటలో గ్రౌండ్ స్టాఫ్‌గా ఉద్యోగం చేసి రిటైరైన మనిషి. నేను తొమ్మిది పెడితే పన్నెండని నాతో రెండు నెలలు వాదించారు. పాత ఫోటో తెచ్చి చూపించాక నేనే ఓడిపోయాను. పాత బ్యాకప్ ఎక్కించిన రోజు ఆయన్ను పిలిచి ఒకసారి చూడమన్నాను. ల్యాండింగ్ బాగా చేశారు. ఇంజిన్ ఆపి, ‘బాబూ, మా ఇంటి మీద వాటర్ ట్యాంక్ ఏదీ?’ అన్నారు. నేను 2023లో పెట్టిన ట్యాంక్ అది. ఏం చెప్పాలో తోచక కరెంటు పోయిందేమో చూసి వస్తానని బయటికి వచ్చేశాను. కరెంటు ఎక్కడికీ పోలేదు.

మీలో చాలామందికి ఇంట్లోనూ సిమ్యులేటర్ ఉంది, ‘విండోస్ 11కి మారితే పాతది పనిచేస్తుందా?’ అని వాట్సాప్‌లో అడుగుతున్నారు. పనిచేస్తుంది. ఇరవై ఏళ్ల కిందటి సాఫ్ట్‌వేర్, విండోస్ 11 మీద మొదటి క్లిక్‌కే తెరుచుకుంది. తగువంతా దాని చుట్టూ ఉన్నవాటితోనే.

మొదటిది, దాన్ని ప్రోగ్రామ్ ఫైల్స్ ఫోల్డర్‌లో వేయకండి. అక్కడ ఉంటే సీనరీ (నేల మీద కనిపించే భవనాలు, రోడ్లు) జాబితా మార్చిన ప్రతిసారీ విండోస్ అనుమతి దగ్గర అడ్డం పడుతుంది. సీ డ్రైవ్‌లోనే విడిగా ఒక ఫోల్డర్ పెట్టి వేయండి. రెండోది, ఎగురుతుండగా యోక్ (విమానం స్టీరింగ్), పెడల్స్ చచ్చిపోతే వస్తువు పాడైందనుకోకండి. కరెంటు ఆదా కోసం యూఎస్‌బీని విండోస్ నిద్రపుచ్చుతుంది. డివైస్ మేనేజర్‌లో ఒక్కో యూఎస్‌బీ హబ్ దగ్గరా ఆ టిక్ తీసేయాలి. నాకు ఇది తెలిసేలోపు రెండు విమానాలు హుస్సేన్‌సాగర్‌లో దిగాయి. ర్యామ్ పెంచితే బాగుంటుందా అని ఒకరు అడిగారు. ఇది 32 బిట్ సాఫ్ట్‌వేర్, నాలుగు జీబీ దాటి వాడుకోలేదు. మీరు అరవై నాలుగు పెట్టినా సీనరీ బరువెక్కితే మెమరీ చాలదని చెప్పి మూసుకుపోతుంది.

అసలు తలనొప్పి మన కదిలే సీటు. విమానం ఎటు వంగిందో, ఎంత లేచిందో సీటుకు చెప్పేది సిమ్‌కనెక్ట్ అనే భాగం. అందులో మూడు పాత వెర్షన్లున్నాయి. సీటు సాఫ్ట్‌వేర్ అన్నిటికన్నా పాతదాన్ని అడుగుతుంది. స్టీమ్ ఎడిషన్‌తో పాటే ఆ మూడూ ఎస్‌డీకే అనే ఫోల్డర్‌లో ఉంటాయి గానీ వాటంతట అవి ఎక్కవు, మనమే వెతికి ఒక్కొక్కటీ ఎక్కించాలి. అది చేశాక కూడా సీటు కదల్లేదు. దాని డ్రైవర్, అంటే సీటును కంప్యూటర్‌తో కలిపే చిన్న సాఫ్ట్‌వేర్, 2013 నాటిది. కొత్తగా వేసిన విండోస్ 11లో మెమరీ ఇంటెగ్రిటీ అనే కాపలా ముందే ఆన్ అయి ఉంది, పాత డ్రైవర్‌ను గుమ్మం దగ్గరే ఆపేసింది. సీటు అమ్మినవాళ్లను అడిగితే కొత్త కంట్రోలర్ కార్డు కొనమన్నారు. ధర విన్నాక ఇంకేమీ అడగలేదు.

ఆ కాపలాను ఆపేస్తే సీటు కదులుతుంది. ఆపేసి చూశాను, కదిలింది. కానీ అదే మెషీన్‌ను నెట్‌కు కలిపి, దాని మీదే మీ బుకింగులు, ఫోన్ నంబర్లు పెట్టుకుని, కాపలా తీసేయడం ఎలా? మూడు రాత్రులు దీని గురించే ఆలోచించాను.

అందరూ ఇచ్చిన సలహా ఒకటే, పాతది వదిలేయమని. 2024లో వచ్చిన కొత్త ఫ్లైట్ సిమ్యులేటర్ వేయమన్నారు. మా అబ్బాయి తన ల్యాప్‌టాప్‌లో చూపించాడు కూడా. చాలా బాగుంది, కాదనను. శాటిలైట్ బొమ్మల నుంచి తీసిన నగరం, మేఘాలు చూస్తే కిటికీలోంచి చూసినట్టే ఉంది. శంషాబాద్ ఉంది, బేగంపేటా ఉంది. కాకపోతే అది ఈనాటి బేగంపేట. వీఐపీలు, ట్రైనింగ్ విమానాలు, రెండేళ్లకోసారి ఎయిర్ షో. ఒక్క నెల అద్దె కన్నా తక్కువ ఖర్చుతో నా సమస్యలు చాలావరకు తీరిపోతాయి. మూడో రాత్రి దాదాపు ఒప్పుకున్నాను కూడా.

మర్నాడు మన గ్రూపులో ఒకాయన, ‘ఇంకా 2006 గేమేనా అన్నా, అప్‌డేట్ అవ్వండి’ అని నవ్వే బొమ్మ పెట్టారు. సరదాగానే అన్నారని తెలుసు. గేమ్ అన్న మాట దగ్గర మాత్రం నాకు మండింది. నా నిర్ణయంలో ఆ మంట భాగం కొంత ఉందని ఒప్పుకుంటున్నాను.

కాబట్టి ఒకటో క్యాబిన్‌లో పాత సిమ్యులేటరే ఉంటుంది. విండోస్ 11 మీదే, మెమరీ ఇంటెగ్రిటీ ఆపేసి, నెట్ కేబుల్ పీకేసి, స్టీమ్‌ను ఆఫ్‌లైన్ మోడ్‌లో పెట్టి నడుపుతాను. ఆ మెషీన్‌లో మీ వివరాలు ఇక ఒక్కటీ ఉండవు, బుకింగులన్నీ కౌంటర్ దగ్గరి ల్యాప్‌టాప్‌కు మార్చాను. పెన్‌డ్రైవ్ తెచ్చి మీకు నచ్చిన విమానం అందులో ఎక్కించమని ఇకమీదట అడగకండి, కుదరదు.

దీనివల్ల కొందరికి ఇబ్బంది ఉంది. ఆదివారం సాయంత్రం వాట్‌సిమ్‌లో, అంటే నెట్‌లో మిగతావాళ్లతో కలిసి, ఎగిరే బ్యాచ్ రెండో క్యాబిన్‌కు మారాలి. ఒకటే సీటు కాబట్టి వంతులు వేసుకోండి, గొడవ నా దగ్గరకు తేవద్దు. ఒకటో క్యాబిన్‌లో అప్పటికప్పటి వాతావరణం రాదు, మబ్బులు నేనే పెట్టాలి. సీపీఎల్‌కు (కమర్షియల్ పైలట్ లైసెన్స్) చదువుతున్న పిల్లలు కూడా రెండోదే వాడండి. పాతదానిలో నావిగేషన్ సమాచారమంతా 2006 నాటిది, అలవాటైతే మీకే నష్టం. ఎందులో ఎగిరినా ఇక్కడి గంటలు లాగ్‌బుక్‌కు ఎక్కవని మీకు తెలుసు.

బ్యాకప్ ఇప్పుడు రెండు డిస్కుల్లో ఉంది. ఒకటి ఇక్కడ మన సెంటర్‌లో, ఒకటి మా ఇంట్లో బియ్యం డబ్బా పక్కన. ప్రతి సోమవారం నేనే తీస్తాను, ఇంకెవరికీ అప్పజెప్పను.

పోయిన నాలుగేళ్ల పని తిరిగి చేయడానికి చాలా టైమ్ పడుతుంది. మీ ఇళ్లలో 2008కి ముందు మారేడ్‌పల్లి, మల్కాజ్‌గిరి, బేగంపేట వైపు తీసిన ఫోటోలుంటే, పెళ్లి ఆల్బమ్‌లో మేడ మీద తీసినవైనా సరే, ఒకసారి తెచ్చి చూపించండి. ఇక్కడే స్కాన్ చేసుకుని వెంటనే తిరిగి ఇచ్చేస్తాను. టెర్మినల్‌కు పన్నెండు కిటికీలు మళ్లీ పెట్టాను. వాటర్ ట్యాంక్ కూడా పెట్టాను, నల్లరంగుదే.

శనివారం స్లాట్లు రేపు పొద్దున పది నుంచి ఇస్తాను. పదకొండు గంటలది మాత్రం అడగకండి, అది పెద్దాయనది.