నా చేతులు ఖాళీ లేవని బిస్కెట్లు తినిపించిన ఆయమ్మకు

ఇంటికొచ్చి స్నానం చేసి పడుకున్నా నిద్ర పట్టడం లేదు. ఇది రాసేస్తే పడుతుందేమో.

నేను డూలాగా తోడున్న మొదటి కాన్పు ఈ తెల్లవారుజామున అయింది. (డూలా అంటే మంత్రసాని కాదండీ, కాన్పు చేయదు. నొప్పులు పడే మనిషి పక్కన మొదటి నుంచి చివరిదాకా ఉంటుంది.) క్లాసులు అయిపోయాయి, సర్టిఫికెట్ రావాలంటే కొన్ని కాన్పులకు తోడుండాలి. అలా ఒక ప్రభుత్వ ఆస్పత్రిలో పదకొండు గంటలు నిలబడ్డాను. ఆడపిల్ల, 2.8 కిలోలు. ఇద్దరూ బాగున్నారు.

రాత్రి రెండు దాటాక నొప్పులు పడుతున్న అమ్మాయి నా కుడిచెయ్యి పట్టుకుని ఇక వదల్లేదు. ఎడమచేత్తో నడుము ఒత్తుతున్నాను, క్లాసులో నేర్చుకున్నట్టే. అవతల నేల తుడుస్తున్న ఆయమ్మ కాసేపు చూసి, మాప్ గోడకు ఆనించి, చేతులు కడుక్కుని వచ్చింది. "గట్ల కాదు బిడ్డా, జర కిందికి" అని నా చేతిని తోకెముక మీదికి జరిపి, దాని మీద తన అరచెయ్యి పెట్టి బరువంతా వేసింది. తర్వాతి నొప్పికి ఆ అమ్మాయి అరవలేదు, మూలిగింది.

కాసేపటికి అదే ఆయమ్మ గ్లాసులో టీ తెచ్చింది. నాకేమో చేతులు ఖాళీ లేవు. పార్లేజీ బిస్కెట్ టీలో ముంచి నా నోట్లో పెట్టింది. ఒకటి కాదు, పాకెట్ అయిపోయేదాకా. ఒకటి మెత్తబడి గ్లాసులో పడిపోతే "ఇది నాది" అంది. మధ్యాహ్నం నుంచి ఏమీ తినలేదని నేనెవరికీ చెప్పలేదు. ఇక ఏడుపు ఆగలేదు. నొప్పులు పడుతున్న మనిషే "ఏమైందక్కా" అని అడిగింది. చూశారుగా నా డూలాతనం!

ఆయమ్మది అవుట్‌సోర్సింగ్ ఉద్యోగం. రెండు నెలలుగా జీతం పడలేదట. లేబర్ రూమ్‌లో తోడుగా ఒక ఆడమనిషిని ఉండనివ్వాలని కేంద్రం 2016లోనే ప్రభుత్వ ఆస్పత్రులకు చెప్పింది. ఆ కాగితం ప్రింట్ తీసుకెళ్ళి చూపిస్తే "మాకు రాలేదమ్మా" అన్నారు. తలుపు దగ్గరే గంటన్నర పోయింది. 2019-21 కుటుంబ ఆరోగ్య సర్వేలో మన తెలంగాణ కాన్పుల్లో నూటికి 60.7 సిజేరియన్లే. నావి రెండూ అందులోని బాపతే. పక్కన ఒక మనిషిని నిలబడనివ్వడానికి ఇంత బతిమాలించుకోవాలా?

మా ఆయన, అత్తయ్య పిల్లల్ని చూసుకున్నారు. థాంక్స్.

అయ్యో, చివరికి లోపలికి పంపిన నైట్ డ్యూటీ సిస్టర్‌కు కూడా. వానలో మీటరు మీద పైసా అడగని ఆటో అన్నకు. చార్జర్ ఇచ్చిన పక్క బెడ్ వాళ్ళ తమ్ముడికి.

అసలు మనిషినే మర్చిపోయాను. లోపలికి ఒక్కరినే రానిస్తామంటే, "నాకు చూస్తే కాళ్ళు వణుకుతయి, నువ్వే పో బిడ్డా" అని తన చోటు నాకిచ్చి రాత్రంతా మెట్ల మీద కూర్చున్న ఆ అమ్మాయి వాళ్ళమ్మ. ఆమె టిఫిన్ డబ్బా నా సంచిలోనే ఉండిపోయింది. సాయంత్రం ఇచ్చి వస్తాను.