ఫిర్యాదు కోసం ఆగే తనిఖీ

సంపాదకుడు గారికి,

చవక అద్దె ఇళ్ల భద్రతను చూడాల్సిన అధికారులు ఫిర్యాదు వస్తేనే గడప తొక్కుతారు. అక్కడ ఉండేవాళ్లేమో ఫిర్యాదు చేయరు. నోరు విప్పితే ముందు పోయేది తమ గూడేనని వాళ్లకు తెలుసు.

ఎప్పుడో జరిగే ఆ తనిఖీ కూడా కాగితాలు, గోడల పగుళ్లు చూడటంతో సరిపోతుంది. ప్రాణం తీసేది గోడ లోపల ఉంటుంది. ఒక ఇంటిని నాలుగు పోర్షన్లు చేస్తే గదులు పెరుగుతాయి గానీ పాత వైరింగు మారదు. లైట్ల కోసం వేసిన 1.5 చదరపు మిల్లీమీటర్ల వైరు మీదే హీటరూ ఇండక్షన్ స్టవ్వూ నడుస్తాయి. కరెంటు మితిమీరితే తనంతట తానే పడిపోయి సరఫరా ఆపే స్విచ్చు ఎంసీబీ. 10 ఆంపియర్లది మాటిమాటికీ పడిపోతోందని 32 ఆంపియర్లది బిగిస్తారు. ఇక అది పడదు, గోడలో వైరు కాగుతుంది. మూడు రంధ్రాల సాకెట్ ఉంటుంది, వెనక ఎర్త్ వైరు ఉండదు. అందుకే బోర్డు మూత విప్పించి వైరు మందాన్నీ ఎంసీబీ అంకెనూ పోల్చి చూడాలి. కరెంటు లీకైతే సరఫరా ఆపే 30 మిల్లీఆంపియర్ల ఆర్‌సీసీబీ స్విచ్చు ఉంటే టెస్ట్ బటన్ నొక్కి చూడాలి. అది పడినంత మాత్రాన ఎర్త్ బాగున్నట్టు కాదు, దాన్ని విడిగా కొలవాల్సిందే.

బాత్రూంలో గ్యాస్ గీజర్ ఉంటే పొగ గొట్టం బయటిదాకా వెళ్లిందా, వెంటిలేటరుకు అట్ట అడ్డం పెట్టారా అన్నది చూడాలి. గ్యాస్ సరిగా మండకపోతే వచ్చే కార్బన్ మోనాక్సైడ్ అనే విషవాయువుకు వాసన ఉండదు. లోపలున్న మనిషికి అనుమానం వచ్చేసరికి గడియ తీసే సత్తువ కూడా ఉండకపోవచ్చు.

మెట్ల కింద మీటర్లు, వాటిని ఆనుకుని బండ్లు, సిలిండర్లు. అక్కడ నిప్పంటుకుంటే దిగాల్సిన దారే పొగగొట్టమవుతుంది. కిటికీ గ్రిల్లుల్లో ఒక్కటైనా లోపలి నుంచి తాళంచెవి లేకుండా తెరుచుకోవాలి.

ఇంగ్లండ్‌లో 2020లో తెచ్చిన నిబంధనల ప్రకారం ప్రైవేటు అద్దె ఇళ్ల వైరింగును కనీసం అయిదేళ్లకోసారి అర్హత ఉన్నవారితో పరీక్ష చేయించి, నివేదికను అద్దెదారుకు ఇవ్వాలి. ప్రమాదకరమైన లోపాలను 28 రోజుల్లో, అవసరమైతే ఇంకా ముందే సరిచేయాలి. ఇందులో అసలు విలువైన సంగతి, అద్దెదారు అడగకముందే పరీక్ష జరగడం.

ఏ ప్రభుత్వమైనా అద్దెకు ఇచ్చే ముందే ఈ పరీక్షలు తప్పనిసరి చేయాలి. లోపం రాసి వెళ్లినవారే గడువు ముగిశాక మళ్లీ వచ్చి చూడాలి. నివేదికను వాడుక భాషలో గుమ్మం దగ్గర అంటించాలి. మరమ్మతు పేరుతో ఇల్లు ఖాళీ చేయిస్తే, పని పూర్తయ్యాక అదే అద్దెకు పాతవాళ్లనే రానివ్వాలని ఉత్తర్వులోనే రాయాలి. ఆ ఒక్క వాక్యం లేకపోతే తనిఖీకి వచ్చినవాళ్లకు ఏ అద్దెదారూ తలుపు తీయడు.

ఇట్లు,
ఒక పాఠకుడు