కోడ్ ఒక్కటే చాలదు, ఖాతాదారు పేరూ చూపించాలి

గౌరవనీయులైన సంపాదకులకు,

బ్యాంకు కౌంటరు దగ్గర నెఫ్ట్ (ఒక బ్యాంకు ఖాతా నుంచి మరో బ్యాంకు ఖాతాకు డబ్బు పంపే పద్ధతి) దరఖాస్తు నింపేవారిలో చాలామందికి ఒక గట్టి నమ్మకం ఉంది. ఐఎఫ్‌ఎస్‌సీ కోడ్ (బ్యాంకునూ దాని శాఖనూ గుర్తించే సంకేతం) సరిగ్గా రాసి, పక్కన ఖాతాదారు పేరు విడమరచి రాస్తే, ఖాతా నంబరులో ఒక అంకె అటూ ఇటూ అయినా బ్యాంకువారు పట్టుకుంటారని, డబ్బు ఆ పేరు గలవారికే చేరుతుందని వారి ధీమా. ఉద్యోగరీత్యా ఏళ్ల తరబడి ఈ దరఖాస్తులు చూసినవాణ్ణి కనుక, ఆ ధీమాకు ఆధారం లేదని మీ పత్రిక ద్వారా పాఠకులకు తెలియజేయాలనుకుంటున్నాను.

ఇలా వచ్చే డబ్బును కేవలం ఖాతా నంబరు ఆధారంగానే జమ చేయవచ్చని రిజర్వు బ్యాంకు 2010 అక్టోబరులోనే బ్యాంకులకు చెప్పింది. వివరాలు సరిగ్గా ఇవ్వాల్సిన బాధ్యత పంపేవారిదేనని, ముఖ్యంగా ఖాతా నంబరు విషయంలో జాగ్రత్త అవసరమని ఖాతాదారులకు తెలియజేయమని కూడా ఆ ఆదేశాల్లోనే ఉంది. అంటే దరఖాస్తులో మనం ఎంతో శ్రద్ధగా రాసే పేరును అవతలి బ్యాంకు కంప్యూటరు సరిచూడాలన్న నియమం లేదు. కోడ్ డబ్బును బ్యాంకు గడప దాకా తీసుకెళ్తుంది. ఆ తర్వాత అది ఎవరి ఖాతాలో పడాలో తేల్చేది నంబరే.

కోడ్‌లో జరిగే తప్పులు చాలావరకు నష్టం లేకుండానే బయటపడతాయి. పదకొండు స్థానాల ఈ కోడ్‌లో మొదటి నాలుగు అక్షరాలు బ్యాంకును సూచిస్తాయి. ఐదో స్థానంలో ఎప్పుడూ సున్నాయే ఉంటుంది, దాన్ని భవిష్యత్ అవసరాల కోసం అట్టిపెట్టారు. చివరి ఆరు స్థానాలు శాఖవి, అవి ఎక్కువగా అంకెలే అయినా కొన్ని బ్యాంకుల్లో అక్షరాలూ కలుస్తాయి. ఆ ఐదో స్థానంలోని సున్నాను ఇంగ్లిషు అక్షరం ‘ఓ’ అనుకుని రాసేవారు, చెక్కు అడుగున ఉండే తొమ్మిదంకెల ఎంఐసీఆర్ కోడ్‌నే ఐఎఫ్‌ఎస్‌సీ అనుకుని రాసేవారు తరచూ కనిపిస్తారు. అలాంటి కోడ్ అసలు లేనే లేదు కనుక కంప్యూటరు దాన్ని అక్కడే తిరస్కరిస్తుంది. వేరే బ్యాంకు కోడ్ పడి, అక్కడ ఆ నంబరుతో ఖాతా లేకపోతే, సంబంధిత బ్యాచ్ (బ్యాంకుల మధ్య ఒకేసారి లెక్క తేల్చే లావాదేవీల గుంపు) పరిష్కారమైన రెండు గంటల్లోగా నెఫ్ట్ సొమ్మును వెనక్కి పంపాలన్నది నియమం. అదే బ్యాంకులోని మరో శాఖ కోడ్ వేస్తే డబ్బు చాలాసార్లు చేరిపోతుంది కూడా, ఎందుకంటే కోర్ బ్యాంకింగ్ (శాఖలన్నీ ఒకే కంప్యూటరు వ్యవస్థలో కలవడం) వచ్చాక ఒక ఖాతా నంబరు బ్యాంకు మొత్తంలో ఒక్కరికే ఉంటుంది. ఖాతా నంబరులో తప్పు అలా కాదు. మనం పొరపాటున రాసిన నంబరుతో ఆ బ్యాంకులో నిజంగా ఎవరికైనా ఖాతా ఉంటే, డబ్బు ఏ అడ్డంకీ లేకుండా వారికి జమ అవుతుంది, మన ఫోనుకు ‘విజయవంతం’ అని సందేశమూ వస్తుంది.

మన రెండు తెలుగు రాష్ట్రాల్లో ఈ గందరగోళానికి విలీనాలు తోడయ్యాయి. స్టేట్ బ్యాంక్ ఆఫ్ హైదరాబాద్ 2017 ఏప్రిల్ 1న స్టేట్ బ్యాంక్ ఆఫ్ ఇండియాలో కలిసింది. 1923లో మచిలీపట్నంలో పుట్టిన ఆంధ్రా బ్యాంకు 2020 ఏప్రిల్ 1న యూనియన్ బ్యాంకులో కలిసిపోయింది. అదే రోజున సిండికేట్ బ్యాంకు కెనరా బ్యాంకులో విలీనమైంది. ‘ఏఎన్‌డీబీ’తో మొదలయ్యే కోడ్‌లు ‘యూబీఐఎన్’గా, ‘ఎస్‌బీహెచ్‌వై’తో మొదలయ్యేవి ‘ఎస్‌బీఐఎన్’గా మారాయి. ఆ తర్వాత గ్రామీణ బ్యాంకుల వంతు వచ్చింది. ఆంధ్రప్రదేశ్‌లోని నాలుగు గ్రామీణ బ్యాంకులు 2025 మే 1 నుంచి ఒక్కటయ్యాయి. తెలంగాణలోనూ ఆ సంవత్సరం ఆరంభం నుంచే ఒకే గ్రామీణ బ్యాంకు మిగిలింది. బోర్డులు మారినా, బీరువాల్లోని పాత పాస్‌పుస్తకాలు, అద్దె ఒప్పందాలు, వ్యాపారుల బిల్లు పుస్తకాలు, సంఘాల చందా రసీదులు మాత్రం పాత కోడ్‌లనే మోస్తున్నాయి. రద్దయిన కోడ్‌కు పంపిన డబ్బు పోదు, తిరిగొస్తుంది. అయితే ఫీజు కట్టడానికి ఆఖరి రోజున అలా తిరిగొస్తే కలిగే ఇబ్బంది చిన్నదేమీ కాదు. విలీనమైన బ్యాంకులో ఖాతా ఉన్నవారు తమ శాఖలో కొత్త పాస్‌పుస్తకం తీసుకుని, తమకు డబ్బు పంపే ప్రతి ఒక్కరికీ కొత్త వివరాలు తామే అందజేయడం మేలు.

కోడ్ కావాలంటే చెక్కు మీద గాని, తాజా పాస్‌పుస్తకంలో గాని, రిజర్వు బ్యాంకు వెబ్‌సైట్‌లోని జాబితాలో గాని చూసుకోవాలి. ఇంటర్నెట్‌లో వెతికితే ముందుగా కనిపించేది నిజమైన బ్యాంకు పేజీయే అన్న హామీ లేదు. అలాంటి పేజీల్లో కోడ్ పక్కనే నకిలీ కస్టమర్ కేర్ నంబర్లు పెట్టి వల వేసేవారున్నారు. ఐఎఫ్‌ఎస్‌సీ రహస్యమేమీ కాదు, ఎవరికైనా చెప్పవచ్చు. ఓటీపీ గాని, పిన్ గాని అడిగారంటే మాత్రం వెంటనే ఫోను పెట్టేయాలి. ‘కోడ్ అప్‌డేట్ చేస్తాం’ అంటూ వచ్చే కాల్స్ అన్నీ ఈ బాపతువే.

ఇక అసలు విషయం. డబ్బు పంపే ముందే అవతలి ఖాతాదారు పేరు చూసుకునే వీలు ఫోను, నెట్ ద్వారా వెంటనే డబ్బు పంపే యూపీఐ, ఐఎంపీఎస్‌లలో ముందునుంచీ ఉన్నా, పెద్ద మొత్తాలు సాగే నెఫ్ట్‌లోనూ, పెద్ద మొత్తాలను అప్పటికప్పుడు పంపే ఆర్‌టీజీఎస్‌లోనూ చాలాకాలం లేదు. 2024 డిసెంబరు 30న రిజర్వు బ్యాంకు ఈ లోటు తీర్చుతూ ఆదేశాలిచ్చింది. పంపేవారు ఖాతా నంబరు, ఐఎఫ్‌ఎస్‌సీ ఇవ్వగానే అవతలి బ్యాంకు రికార్డుల నుంచి పేరు తెప్పించి చూపే సదుపాయాన్ని 2025 ఏప్రిల్ 1 నాటికి అందుబాటులోకి తేవాలని, దీనికి రుసుము వసూలు చేయరాదని, నెట్ బ్యాంకింగ్, మొబైల్ బ్యాంకింగ్‌తో పాటు శాఖకు వచ్చి డబ్బు పంపేవారికీ ఇది ఉండాలని అందులో స్పష్టంగా ఉంది. ‘మా ఖాతా మారింది, ఇకపై ఈ నంబరుకు పంపండి’ అంటూ సరుకు అమ్మిన వ్యాపారి పేరుతో దొంగ ఉత్తరం వచ్చినప్పుడు కోడ్, నంబరు రెండూ సరైనవే అయి ఉంటాయి. మోసాన్ని పట్టించేది తెర మీద కనిపించే ఆ పేరొక్కటే.

విచారకరమైన సంగతేమిటంటే, నేను వెళ్లిన శాఖల్లో కౌంటరు దగ్గర ఈ పేరును ఖాతాదారుకు చూపించడం అరుదు. అడిగితే చూసి చెబుతారు. అడగవచ్చునని తెలిసినవారే తక్కువ. మొబైల్ బ్యాంకింగ్ వాడని పెద్దవారు, రైతులు ఎక్కువగా కౌంటరుకే వస్తారు కనుక, ఈ సదుపాయం అవసరం ఎవరికి ఎక్కువో వారికే అందడం లేదు.

కనిపించిన పేరు అచ్చంగా సరిపోలకపోతే వెంటనే మోసమనుకోనక్కర్లేదు. మన ఇంటిపేర్లతో వచ్చే చిక్కు అందరికీ తెలిసిందే: ఒక బ్యాంకులో పొడి అక్షరాలుగా, మరో బ్యాంకులో పూర్తిగా, ఇంకోచోట చివర్లో నమోదై ఉంటుంది. అలాంటి సందేహం వస్తే గ్రహీతతో ఫోనులో మాట్లాడి, ముందు చిన్న మొత్తం పంపి, అది చేరిందని వారు చెప్పాకే మిగతాది పంపాలి. ఆర్‌టీజీఎస్‌లో రెండు లక్షల రూపాయలకు తక్కువ పంపడానికి వీల్లేదు కనుక, ఆ చిన్న మొత్తం నెఫ్ట్‌లోనే వెళ్లాలి. నెఫ్ట్ 2019 డిసెంబరు నుంచి, ఆర్‌టీజీఎస్ 2020 డిసెంబరు నుంచి రాత్రింబవళ్లు నడుస్తున్నాయి. అర్ధరాత్రి తప్పు నంబరుకు పంపితే ఆపమని చెప్పడానికి శాఖలో ఎవరూ ఉండరు.

పొరపాటు జరిగిపోతే యూటీఆర్ నంబరు (ప్రతి లావాదేవీకి ఇచ్చే గుర్తింపు సంఖ్య) వేసి తమ బ్యాంకుకు వెంటనే లిఖితపూర్వకంగా ఫిర్యాదు చేయాలి. జమ అయిన ఖాతాదారు సమ్మతి లేకుండా అవతలి బ్యాంకు సాధారణంగా సొమ్ము వెనక్కి తీయదు. అయితే పొరపాటున అందిన డబ్బును తిరిగి ఇవ్వాల్సిందేనని 1872 నాటి భారత కాంట్రాక్టు చట్టం 72వ సెక్షన్ చెబుతోంది కనుక, కోర్టుకు వెళ్లే దారి ఉంటుంది. జరిగింది మోసమైతే సైబర్ మోసాల ఫిర్యాదు నంబరు 1930కి ఫోను చేయడంలో ఒక్క గంట కూడా ఆలస్యం చేయకూడదు. ఫిర్యాదుకు బ్యాంకు 30 రోజుల్లో బదులివ్వకపోయినా, ఇచ్చిన బదులు తృప్తికరంగా లేకపోయినా, రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మన్‌ను (ఖాతాదారుల ఫిర్యాదులు పరిష్కరించే అధికారిని) ఆశ్రయించవచ్చు. దానికి రుసుము లేదు.

రెండు రాష్ట్రాల రాష్ట్ర స్థాయి బ్యాంకర్ల కమిటీలకు నా విన్నపం ఇది. కౌంటరులో నెఫ్ట్, ఆర్‌టీజీఎస్ దరఖాస్తు తీసుకున్నప్పుడు, వ్యవస్థ చూపిన ఖాతాదారు పేరును సిబ్బంది ఆ దరఖాస్తు మీదే రాసి, పంపేవారికి చూపించి, ఆ తర్వాతే సంతకం తీసుకోవాలి. దరఖాస్తులో ఇందుకోసం ఒక గడి చేర్చి, తెలుగులోనూ ముద్రించాలి. విలీనమైన శాఖల పాత, కొత్త కోడ్‌ల పట్టికను ఆయా శాఖల నోటీసు బోర్డు మీద అందరికీ కనిపించేలా పెట్టాలి.

ఇట్లు,
ఒక విశ్రాంత బ్యాంకు ఉద్యోగి